షూ రాక్‌లో 'ఎస్' ఎందుకుండదు? స్పోర్ట్స్ డేలో ఎందుకుంటుంది?



యూనిట్ టెస్టు పేపర్లు ఇళ్ళకు పంపిన మర్నాడు, ఆరో తరగతి పాప డైరీలో వాళ్ళ అమ్మగారు ఇలా రాసి పంపారు: "మేడమ్, 'షూస్ రాక్' అని రాస్తే అర మార్కు తీసేశారు. అదే పేపర్లో 'స్పోర్ట్స్ డే' అని రాస్తే రైట్ కొట్టారు. రాక్‌లో ఒక్క షూ పెట్టుకోం కదండీ. పాప నన్ను అడిగింది. నేను తెలుగు మీడియం. ఏం చెప్పాలో తెలియలేదు. 'నీకు రాదులే అమ్మా' అని వెళ్ళిపోయింది."

అర మార్కు సంగతి ఎలా ఉన్నా, ఆ చివరి మాట దగ్గర నేను ఆగిపోయాను. ఎందుకంటే ఆవిడ అడిగిన ప్రశ్న చాలా సరైన ప్రశ్న. పైగా దానికి జవాబు చెప్పడానికి తెలుగు మీడియం చదవడం అడ్డం కాదు, అదే అసలు సాయం. అదెలాగో ఈ నెల వివరంగా రాస్తున్నాను.

ముందు మామూలు సంగతి. ఇంగ్లిష్‌లో రెండు నౌన్లను పక్కపక్కన పెట్టి ఒక పేరు చేసినప్పుడు, మొదటి నౌన్ సాధారణంగా తన బహువచనాన్ని వదిలేస్తుంది. వేల పుస్తకాలున్నా అది 'బుక్ షాప్'. ముప్పై రెండు పళ్ళూ తోమినా అది 'టూత్ బ్రష్', 'టీత్ బ్రష్' కాదు. 'వెజిటబుల్ మార్కెట్', 'ఫ్లవర్ పాట్', 'శారీ షాప్', 'టికెట్ కౌంటర్' అన్నీ అంతే. ఇక్కడ మొదటి మాట లెక్క చెప్పడం లేదు, రకం చెబుతోంది. ఏ రాక్? షూ రాక్. ఎన్ని షూలు అన్నది ఆ పేరుకు అనవసరం. రాక్‌లు రెండుంటే 'ఎస్' చివరి మాటకు వస్తుంది, 'షూ రాక్స్' అని.

మరి మన పిల్లలందరూ ఒకే రకంగా ఎందుకు తప్పుతారు? 'ఫ్లవర్స్ షాప్', 'బుక్స్ బ్యాగ్', 'వెజిటబుల్స్ మార్కెట్' ప్రతి క్లాసులోనూ నాకు కనబడతాయి. ఇది అజాగ్రత్త కాదు. వాళ్ళు తెలుగును సరిగ్గా అనువదిస్తున్నారు. మనం పూల కొట్టు అంటాం, పుస్తకాల సంచి అంటాం, కూరగాయల మార్కెట్, చెప్పుల స్టాండు, గాజుల దుకాణం, చీరల షాపు అంటాం. ఆ మధ్యలో ఉన్న 'ల' అనే అక్షరం చూశారా? అదే బహువచనం. 'పువ్వు కొట్టు', 'చీర షాపు' అంటే తెలుగు చెవికి వెలితిగా ఉంటుంది. ఆ 'ల' అలవాటున్న పిల్లవాడు ఇంగ్లిష్‌లోకి వచ్చాక 'ల' ఉన్న ప్రతిచోటా 'ఎస్' పెడతాడు. అతని లెక్క అతనికి సరిపోయింది, ఇంగ్లిష్ లెక్క వేరు.

ఇంకో కారణం కూడా ఉంది, దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఇంగ్లిష్ బహువచన రూపాలు కొన్ని తెలుగులోకి ఏకవచనంగా వచ్చి కూర్చున్నాయి. 'సాక్స్' అన్న మాటలోనే బహువచనం ఉంది, మనం దానికి మళ్ళీ 'లు' చేర్చి 'సాక్సులు' అంటాం. 'ఫీజు' కూడా అంతే. అది 'ఫీజ్' అన్న బహువచనం నుంచి వచ్చింది, మనకు మాత్రం అది ఒకటి, 'ఫీజులు' అంటేనే ఎక్కువ. (ఎక్కువే అని మీలో కొందరు నవ్వుకుంటున్నట్టు తెలుస్తోంది!) ఇంట్లో "నా షూస్ ఎక్కడమ్మా" అనే పిల్లకు 'షూస్' అన్నదే ఆ వస్తువు పేరు. అందులో విడదీయాల్సిన 'ఎస్' ఒకటుందని తనకు తోచదు. కాబట్టి 'షూస్ రాక్' అని రాయడం తన దృష్టిలో బహువచనం పెట్టడం కూడా కాదు.

ఇప్పుడు తెలుగు మీడియం సాయం గురించి. 'గ్రంథాలయం' అన్న మాట తీసుకోండి. అందులో ఎన్ని గ్రంథాలుంటాయి? వేలు. మాటలో మాత్రం 'గ్రంథ' అనే ఉంది, 'గ్రంథాల' అని లేదు. విగ్రహవాక్యం చెప్పమంటే "గ్రంథాలకు ఆలయం" అంటాం, అప్పుడు బహువచనం బయటికొస్తుంది. సమాసంలో అది అణిగి ఉంటుంది, విడదీస్తే లేస్తుంది. 'పుష్పగుచ్ఛం'లో ఒక్క పువ్వే ఉంటుందా? అచ్చ తెలుగులోనూ ఉంది. పూలతోట అంటాం, పూదోట అనీ అంటాం. రెండూ ఒకటే, కానీ రెండోదానిలో 'ల' లేదు.

ఇంగ్లిష్‌లో ఈ జంట మాటలు సరిగ్గా మన సమాసాల్లాంటివి. 'బుక్ షాప్' సమాసం. 'ఎ షాప్ దట్ సెల్స్ బుక్స్' విగ్రహవాక్యం. విడదీసినప్పుడు 'ఎస్' ఉంటుంది, కలిపినప్పుడు పోతుంది. పిల్లలకు "ఇది కాంపౌండ్ నౌన్, మొదటిది మాడిఫయర్" అని నేను పది నిమిషాలు చెప్పేకంటే, "ఇది పూలతోట కాదురా, పూదోట" అని మీరు ఒక్క మాట చెబితే తొందరగా ఎక్కుతుంది. సమాసాలు, విగ్రహవాక్యాలు బట్టీపట్టి పరీక్షలు రాసిన తరం మీది. ఆ విద్య మీ పిల్లల కంటే మీకే ఎక్కువ వచ్చు. డైరీలో రాసిన అమ్మగారికి నేను రాసిన జవాబు కూడా ఇదే.

అంకెలు వచ్చినప్పుడు

ఇది ఇంకాస్త గట్టి ముడి. పదేళ్ళ అబ్బాయి, వంద రూపాయల నోటు, మూడు గంటల సినిమా, రెండంతస్తుల మేడ. తెలుగులో అన్నింటిలోనూ బహువచనమే. ఇంగ్లిష్‌లో మాత్రం 'టెన్ ఇయర్ ఓల్డ్ బాయ్', 'హండ్రెడ్ రుపీ నోట్', 'త్రీ అవర్ ఫిల్మ్', 'టూ స్టోరీ బిల్డింగ్'. ముందు పది ఉంది, వంద ఉంది, అయినా 'ఎస్' లేదు. రాసేటప్పుడు అంకెకూ కొలతకూ మధ్య హైఫన్ పెట్టాలి. అదే మాట వెనక్కి వెళితే 'ఎస్' తిరిగి వస్తుంది: 'ద బాయ్ ఈజ్ టెన్ ఇయర్స్ ఓల్డ్'. ఈ రెండు వాక్యాలనూ పక్కపక్కన రాయించండి. ఒకటి నేర్పి రెండోది వదిలేస్తే పిల్లలు రెండింటినీ కలిపి 'టెన్ ఇయర్స్ ఓల్డ్ బాయ్' అని రాస్తారు.

దీని వెనక ఒక కథ ఉంది. వెయ్యేళ్ళ కిందటి పాత ఇంగ్లిష్‌లో మన 'ల' లాంటిదే ఒక ప్రత్యయం ఉండేది. 'అడుగు'ను అప్పుడు 'ఫోట్' అనేవారు. 'అడుగుల' అనడానికి చివర 'ఆ' చేర్చి 'ఫోటా' అనేవారు. పది అడుగుల కర్ర అనాలంటే అచ్చం మనలాగే 'అడుగుల' అన్న రూపమే వాడేవారు. తర్వాతి శతాబ్దాల్లో మాటల చివర ఉన్న అలాంటి అచ్చులన్నీ పలుకుబడిలో అరిగిపోయాయి. 'ఫోటా' చివరి అచ్చు రాలిపోయి 'ఫుట్' మిగిలింది. 'ఎ టెన్ ఫుట్ పోల్' అన్నప్పుడు అది మనకు ఏకవచనంలా కనబడుతుంది కానీ, దాని మూలం 'అడుగుల' అన్న బహువచనమే. వాళ్ళ 'ల' అరిగిపోయింది, మన 'ల' నిలిచింది. నాకు బీఈడీలో ఎవరూ ఇది చెప్పలేదు, తర్వాత చదువుకుని తెలుసుకున్నాను. ఇది చెప్పిన రోజు క్లాసులో వెనక బెంచీలు కూడా విన్నాయి.

రోజూ చెవిన పడే తప్పు ఒకటుంది: 'ఫైవ్ మార్క్స్ క్వశ్చన్'. పిల్లలే కాదు, పెద్దలూ ట్యూషన్ సార్లూ అందరూ ఇలాగే అంటారు. రాతలో అది 'ఫైవ్ మార్క్ క్వశ్చన్'. మాటల్లో అన్నంత మాత్రాన నేను ఎవరినీ ఆపను, రాతలోనే చూస్తాను.

'ఎస్' పోకూడని చోట్లు

ఇక స్పోర్ట్స్ డే సంగతి. మొదటి నౌన్ 'ఎస్' వదిలేస్తుందని చెప్పగానే పిల్లలు ఉత్సాహంగా అన్నింటికీ 'ఎస్' కోసేయడం మొదలుపెడతారు. నా అనుభవంలో ఈ రెండో రకం తప్పు మొదటిదాని కంటే మొండిది. పిల్లలు దాన్ని రూల్ ప్రకారమే చేశామనుకుంటారు కదా.

'గూడ్స్ ట్రెయిన్' తీసుకోండి. 'ఎస్' తీసేస్తే 'గుడ్ ట్రెయిన్', అంటే మంచి రైలు అవుతుంది. సరుకులు అనే అర్థం 'గూడ్స్' అన్న బహువచన రూపానికే ఉంది. 'గ్లాసెస్ కేస్' అంటే కళ్ళజోడు పెట్టె, 'గ్లాస్ కేస్' అంటే గాజు పెట్టె. 'క్లోత్స్ షాప్'లో కుట్టిన బట్టలుంటాయి, 'క్లాత్ షాప్'లో మీటర్లలో కొలిచి కోసే గుడ్డ ఉంటుంది. మన ఊళ్ళలో ఈ రెండు కొట్లూ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి పిల్లలకు చూపించి చెప్పడం తేలిక. 'కస్టమ్స్ ఆఫీసర్' సుంకాల అధికారి. 'కస్టమ్' అంటే ఆచారం, కాబట్టి 'ఎస్' తీసేస్తే ఆయన ఆచారాల అధికారి అయిపోతాడు. 'ఆర్మ్స్ డీలర్' ఆయుధాలు అమ్ముతాడు, 'ఎస్' తీసేస్తే చేతులు అమ్ముతాడు! బ్యాంకు పాస్‌బుక్కు మీద 'సేవింగ్స్ అకౌంట్' అని ఉంటుంది. దాచుకున్న డబ్బుకు 'సేవింగ్స్' అనే పేరు, అందుకే అలా ఉండిపోయింది.

అంటే 'ఎస్' ఉన్నప్పుడు ఒక అర్థం, లేనప్పుడు ఇంకో అర్థం వచ్చే మాటలు తమ 'ఎస్'ను సమాసంలో కూడా వదలవు. 'స్పోర్ట్స్' కూడా ఈ గుంపులోదే. బ్రిటన్ బడుల్లో 'స్పోర్ట్స్' అంటే విడి ఆట కాదు, పరుగు పందేలు, దూకుడు పందేలు అన్నీ కలిపి జరిపే పోటీల పేరు. ఆ పోటీల రోజు 'స్పోర్ట్స్ డే'. తర్వాత 'స్పోర్ట్స్ టీచర్', 'స్పోర్ట్స్ కార్' అన్నీ అదే దారిలో నడిచాయి. 'మ్యాథ్స్ టీచర్', 'న్యూస్ పేపర్' సంగతి వేరు. వాటిలో 'ఎస్' కనబడుతుంది కానీ ఇప్పుడది బహువచనం కాదు, ఆ మాటలు ఏకవచనాలే.

ఎదురు ఉదాహరణ కూడా ఉంది. 'ట్రౌజర్స్', 'పైజమాస్' ఇంగ్లిష్‌లో ఎప్పుడూ బహువచనాలే. కానీ 'ట్రౌజర్ పాకెట్', 'పైజమా పార్టీ' అన్నప్పుడు 'ఎస్' పోతుంది. పోయినా ఇంకో అర్థం వచ్చే ప్రమాదం లేదు కదా. (పైజామా ఇక్కడి నుంచి వాళ్ళకు వెళ్ళిన మాటే. వాళ్ళు దానికి 'ఎస్' తగిలించి, మళ్ళీ సమాసంలో తీసేశారు.) ఈ కారణం అన్నిచోట్లా పనిచేస్తుందని మాత్రం చెప్పను. 'స్పెక్టకిల్' అంటే దృశ్యం అనే వేరే అర్థం ఉన్నా కళ్ళద్దాల షాపువాళ్ళు 'స్పెక్టకిల్ ఫ్రేమ్' అనే అంటారు.

మీలో చాలామంది విజిటింగ్ కార్డుల మీద 'సేల్స్ మేనేజర్', 'ఆపరేషన్స్ మేనేజర్', 'అకౌంట్స్ ఆఫీసర్', 'సిస్టమ్స్ అనలిస్ట్' అని ఉంటుంది. ఒక విభాగం పేరో, రకరకాల పనుల కలగలుపో అయినప్పుడు ఇంగ్లిష్ 'ఎస్' ఉంచుతుంది. అందుకే కాలేజీలో 'అడ్మిషన్స్ ఆఫీస్' ఉంటుంది, అక్కడ ఇచ్చే కాగితం 'అడ్మిషన్ ఫారం' అవుతుంది. ఒకే గదిలో రెండు రకాలూ.

రెండూ నడిచేవి కొన్నున్నాయి. పాత వస్తువులు అమ్మేవాణ్ణి 'ఆంటీక్స్ డీలర్' అనీ అంటారు, 'ఆంటీక్ డీలర్' అనీ అంటారు. మొదటిదే నాకు నచ్చుతుంది, రెండోది వింటే అమ్మేవాడే పాతకాలపువాడేమో అనిపిస్తుంది. మొత్తం మీద అమెరికా వాళ్ళ కంటే బ్రిటన్ వాళ్ళు ఇలాంటి చోట బహువచనాన్ని ఎక్కువగా ఉంచుతారు. ఇలాంటివాటిలో పిల్లలు ఏది రాసినా నేను మార్కు తీయను. 'మార్క్స్ మెమో' విషయంలోనూ అంతే. మన దగ్గర దాన్ని అలాగే అంటాం, ఉత్తరాది వాళ్ళు 'మార్క్ షీట్' అంటారు. కాగితం మీద ఏ పేరు అచ్చువేసి ఉందో దాన్నే వాడాలి, దాన్ని దిద్దడం మన పని కాదు.

ఇంకొక్కటి చెప్పి ఇది ముగిస్తాను. 'వుమన్ డాక్టర్' ఇద్దరైతే 'వుమెన్ డాక్టర్స్', రెండు మాటలూ మారతాయి. 'మ్యాన్', 'వుమన్' అలా మారతాయి. 'చైల్డ్ ఆర్టిస్ట్' మాత్రం ఇద్దరైనా 'చైల్డ్ ఆర్టిస్ట్స్', 'చిల్డ్రన్ ఆర్టిస్ట్స్' కాదు.

ఇంట్లో ఆడదగ్గ ఆట

1985లో పీటర్ గోర్డన్ అనే పరిశోధకుడు మూడు నుంచి ఐదేళ్ళ వయసున్న ఇంగ్లిష్ పిల్లలతో ఒక ప్రయోగం చేసిన వ్యాసం ప్రచురించారు. ఒక వింత జంతువు ఉంది, అది బురద తింటుంది, దాన్నేమంటారు? 'మడ్ ఈటర్'. మరి ఎలుకలు తినేదాన్ని? పిల్లలు 'ర్యాట్స్' అనే అన్నా, పేరు పెట్టేటప్పుడు మాత్రం 'ర్యాట్ ఈటర్' అన్నారు. ఎవరూ నేర్పకుండానే 'ఎస్' వదిలేశారు. 'మైస్' లాంటి మాట ఇస్తే మాత్రం 'మైస్ ఈటర్' అన్నవాళ్ళే ఎక్కువ. అంటే వాళ్ళకు తప్పించాల్సింది చివర చేరిన 'ఎస్', లోపల రూపం మారిన బహువచనం కాదు.

ఆ పిల్లలకు అది ఉగ్గుపాలతో వచ్చిన అలవాటు. మన పిల్లలకు ఉగ్గుపాలతో వచ్చింది 'ల'. కాబట్టి ఐదేళ్ళ ఆ పిల్లలకు ఉన్న చెవి మన పదకొండేళ్ళ పిల్లకు లేదని కోప్పడటం న్యాయం కాదు. ఆట మాత్రం మనమూ ఆడుకోవచ్చు. ఇడ్లీలు తినే రాక్షసుడెవరు? 'ఇడ్లీ ఈటర్'. పెన్సిళ్ళు కొరికేవాడు? 'పెన్సిల్ బైటర్'. రిమోట్లు దాచేవాడు? ఆ పేరుకు ఒక్కో ఇంట్లో ఒక్కో మనిషి దొరుకుతారు. రెండు రోజులు ఆడితే చెవికి అలవాటవుతుంది. ముఖ్యంగా, ఈ ఆటలో తప్పు చెప్పినా నవ్వే వస్తుంది, నామోషీ రాదు. చుట్టాల ముందు పిల్ల 'బుక్స్ షాప్' అంటే అక్కడే ఆపి దిద్దకండి, దయచేసి. అలాగే మీరు 'షూస్ స్టాండ్' అన్నప్పుడు మీ పిల్ల నలుగురిలో మిమ్మల్ని దిద్దితే, "గ్రంథాలయం విగ్రహవాక్యం చెప్పమ్మా" అని అడగండి. అది చెప్పాకే మిగతా మాట.

అపాస్ట్రఫీ గురించి కొద్దిగా చెప్పాలి. 'చిల్డ్రన్స్ డే' నవంబర్ 14న, 'టీచర్స్ డే' సెప్టెంబర్ 5న వస్తాయి. ఇవి ఇప్పటిదాకా చెప్పిన జంటల్లాంటివి కావు, 'వాళ్ళ రోజు' అనే సంబంధం ఉంది, అందుకే అపాస్ట్రఫీ. 'టీచర్స్'లో అది 'ఎస్' తర్వాత, 'చిల్డ్రన్స్'లో 'ఎస్' ముందు. అమెరికాలో 'మదర్స్ డే' కోసం పాటుపడిన ఆనా జార్విస్ మాత్రం అపాస్ట్రఫీ 'ఎస్' కంటే ముందే ఉండాలని పట్టుబట్టారు. లోకంలోని తల్లులందరి రోజు కాదు, ఎవరి తల్లిని వాళ్ళు తలచుకునే రోజు అని ఆమె ఉద్దేశం. 1914లో అక్కడ అది అధికారిక దినమైంది. మన 'పేరెంట్ టీచర్ మీటింగ్'కు అపాస్ట్రఫీ అక్కర్లేదు, ఎంతమంది వచ్చినా రెండు మాటలూ ఏకవచనమే. 'పేరెంట్స్ మీటింగ్' అని రాసేటప్పుడు మాత్రం 'ఎస్' తర్వాత అపాస్ట్రఫీ పెడితే మంచిది.

మీకు రోజూ పనికొచ్చేది లీవ్ లెటర్. రెండు రోజుల సెలవు అడగాలంటే 'టూ డేస్ లీవ్' అనే రాయండి, 'డేస్' చివరి 'ఎస్' తర్వాత అపాస్ట్రఫీ పెట్టండి. రెండు రోజుల ప్రయాణం అని కారణం చెప్పాలంటే 'ఎ టూ డే ట్రిప్', ఇక్కడ 'ఎస్' లేదు, అంకెకూ 'డే'కూ మధ్య హైఫన్ ఉంది. ముందు 'ఎ' ఉంటే 'ఎస్' ఉండదని గుర్తు పెట్టుకుంటే ఈ రెండింటి మధ్య తడబాటు ఉండదు.

ఈ నెలలో మీ వీధి బోర్డుల మీద, సరుకుల ప్యాకెట్ల మీద, ఆఫీసు కాగితాల్లో ఇలాంటి జంట మాటలు కనబడితే పిల్లల చేత డైరీ చివరి పేజీలో రాయించి పంపండి. పక్కన తెలుగులో విగ్రహవాక్యం మీరు రాయండి. శనివారం లాంగ్వేజ్ పీరియడ్‌లో వాటినే బోర్డు మీద రాసి చూస్తాం.